హెడ్డు పనికి గాలి కొలత: కొన్న బెంచా? చేసుకున్న బెంచా?

కాల్వ చివరి భూములకు, మురుగు కాల్వ పక్క చేలకు, కరెంటు లైను అందని చెలకలకు ఇవాళ్టికీ ఆయిలింజనే దిక్కు. వరి చిరుపొట్ట మీద ఉన్నప్పుడు ఇంజను నల్లపొగ కక్కి, పైపులో నీళ్ళు సగానికి పడిపోతే రైతు గుండె జారిపోతుంది. హెడ్డు విప్పి, గోనెసంచిలో చుట్టి టౌనుకు మోసుకుపోవడం తప్పదు.

అక్కడ మెకానిక్కు వాల్వులు రుద్ది ఊరుకోకుండా, "పోర్టు పెద్దది చేస్తాం, ఫ్లో బెంచి మీద గాలి చూసి ఇస్తాం, దానికి ఇంత అదనం" అన్నాడనుకోండి. మీరు ఏమనాలి? ఇంకో సంగతి. మెకానిక్ పని నేర్చిన మీ అబ్బాయి, "లోను పెట్టి ఫ్లో బెంచి కొంటాను" అన్నాడనుకోండి. కొననివ్వాలా? సొంతంగా చేసుకోమనాలా? డబ్బుతో కూడిన వ్యవహారం కాబట్టి మొదటినుంచీ తెలుసుకుందాం.

ఫ్లో బెంచి అంటే ఏమిటి?

పేరు పెద్దదే గాని సూత్రం చిన్నది. హెడ్డును ఒక పెట్టె మీద బిగిస్తారు. పెట్టెలోంచి మోటారు గాలిని గుంజుతుంది. ఆ గాలి హెడ్డు పోర్టులోంచి, వాల్వు సందులోంచి లోపలికి రావాలి. వాల్వును ఎంత తెరిస్తే ఎంత గాలి వచ్చిందో కొలుస్తారు. అంతే. ఇంజను తిరగదు, డీజిలు కాలదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఇంగ్లాండులో హారీ వెస్లేక్ అనే ఇంజనీరు 1920ల్లోనే హెడ్లలో గాలి పారకాన్ని కొలిచి, ఇంజన్ల బలం పెంచడంలో పేరు తెచ్చుకున్నాడు. అమెరికాలో సూపర్‌ఫ్లో కంపెనీ 1970ల నుంచి తయారు బెంచీలు అమ్ముతూ వచ్చింది. వీటి గిరాకీ ఎక్కువగా పందెం కార్లు, మోటారు సైకిళ్ళ ఇంజన్లు బాగుచేసే షాపుల్లో. అవి నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతాయి. గాలి పీల్చడానికి వాటికి దొరికే సమయం బహుతక్కువ. అందుకే పోర్టులో చిన్న గరుకు కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది.

మన ఇంజనుకు ఎంత గాలి కావాలి?

పొలాల్లో విరివిగా కనిపించే 5 హార్స్‌పవర్ ఇంజను లెక్క చూద్దాం. సిలిండరు బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ. అంటే ఒక్క గుటకకు అరలీటరు పైన, సుమారు 550 సి.సి. గాలి పడుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున 750 గుటకలు. పూర్తిగా నిండితే నిమిషానికి 415 లీటర్లు. నిజంగా అంత నిండదు, కొంత తగ్గుతుంది. ఎలా చూసినా గంటకు 20 వేల లీటర్లకు పైగా గాలి కావాలి. అదే గంటలో, పూర్తి లోడు మీద, తాగే డీజిలు సుమారు లీటరు పైచిలుకు. డీజిలు చుక్కచుక్కకూ లెక్క చూసుకునే మనం గాలి మాట మరిచిపోతాం.

అయితే పెట్రోలు ఇంజనుకూ డీజిలు ఇంజనుకూ ఒక తేడా ఉంది. పెట్రోలు ఇంజన్లో గాలి పెంచితే బలం పెరుగుతుంది. డీజిలు ఇంజన్లో బలాన్ని నిర్ణయించేది నాజిల్ చిమ్మే డీజిలే. గాలి మామూలుగా అవసరానికి మించే ఉంటుంది. గాలి తగ్గితే డీజిలు సరిగా కాలక నల్లపొగ వస్తుంది, బలం పడిపోతుంది. కాని చాలినంత గాలి ఉన్నచోట ఇంకా గాలి పెడితే పెద్దగా ఒరిగేది లేదు. పైగా 1500 చుట్ల ఇంజను నింపాదిగా పీల్చే ఇంజను. కాబట్టి పందెం బండి వైద్యం పొలం ఇంజనుకు చేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

పోర్టు కోయనివ్వవద్దు

గాలి దారిని వెడల్పు చేస్తే మంచిదేగా అని తోస్తుంది. డీజిలు హెడ్డులో అది ప్రమాదం. నాజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే రకం ఇంజన్లలో, గాలి సుడులు తిరుగుతూ లోపలికి దిగేలా కంపెనీవారు ఇన్‌లెట్ దారిని వంపుగా పెడతారు. ఆ సుడి ఉంటేనే డీజిలు తుంపర గాలితో బాగా కలిసి కాలుతుంది. గ్రైండరు పెట్టి ఆ వంపు తీసేస్తే, బెంచి మీద గాలి ఎక్కువే చూపించవచ్చు. పొలంలో మాత్రం పొగ పెరుగుతుంది. తీసిన ఇనుము మళ్ళీ రాదు, కొత్త హెడ్డు కొనాల్సిందే. బెంచి మీద అంకె పెరిగినంత మాత్రాన ఇంజను బాగుపడినట్టు కాదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

మరి పాత హెడ్డులో గాలి ఎక్కడ తగ్గుతుంది?

ముఖ్యంగా నాలుగు చోట్ల చూసుకోవాలి.

1. ఎయిర్ క్లీనర్లో మురికి పేరుకుని, నూనె బురదగా మారడం. ఇది హెడ్డు జబ్బే కాదు. కాని హెడ్డు విప్పించేది చాలాసార్లు ఇదే.

2. వాల్వు సీటింగు చెడి గాలి కారడం. అప్పుడు కంప్రెషన్ నిలవదు. స్టార్టింగు కష్టం, తెల్లపొగ.

3. పలుమార్లు సీటు కోయడం వల్ల వాల్వు హెడ్డులోకి కుంగిపోవడం. వాల్వు తెరుచుకున్నా చుట్టూ గోడ అడ్డం వచ్చి గాలి దారి ఇరుకవుతుంది. పైగా పైన ఖాళీ పెరిగి కంప్రెషన్ తగ్గుతుంది.

4. ఎగ్జాస్టు దారిలో, సైలెన్సర్లో మసి గడ్డకట్టడం. పాతపొగ పోకపోతే కొత్తగాలికి చోటెక్కడిది?

వీటిలో మొదటిదానికీ నాలుగోదానికీ శుభ్రం చేయడమే మందు. రెండోదానికి కిరోసిన్ పరీక్ష చాలు. హెడ్డును ఇన్‌లెట్, ఎగ్జాస్టు పోర్టులు పైకి వచ్చేలా వంతులవారీగా నిలబెట్టి, వాల్వులు స్ప్రింగులతో బిగించి ఉండగా పోర్టులో కిరోసిన్ పోయండి. ఐదు నిమిషాలు ఆగండి. వాల్వు అంచున తడి ఊరితే సీటింగు కుదరలేదన్నమాట. మీ ఎదుటే ఈ పరీక్ష చేయమని అడగండి, మొహమాటపడవద్దు. మూడోదానికి హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, వాల్వు ఎంత లోతుకు దిగిందో కొలిచి కంపెనీ పుస్తకంలో ఇచ్చిన హద్దుతో పోల్చాలి. హద్దు దాటితే కొత్త సీటు రింగు వేయించాలి. వాల్వు మార్చాల్సి రావచ్చు.

ఇంతవరకు ఏ బెంచీ అవసరం రాలేదని గమనించండి. ఒక్క ఇంజను ఉన్న రైతుకు ఇంతే కావాలి. ఫ్లో బెంచి పేరు చెప్పి అదనం అడిగితే, "సీటు ఎంత వెడల్పు పెట్టావు? వాల్వు ఎంత కుంగింది? కిరోసిన్ నిలిచిందా?" అని అడగండి. వీటికి జవాబు చెప్పగలిగినవాడి దగ్గర పని చేయించండి.

బెంచి ఎవరికి పనికొస్తుంది?

నెలనెలా పాత హెడ్లు బాగుచేసేవారికి పనికొస్తుంది. సీటు రింగులు మార్చేవారు, ట్రాక్టరు హెడ్లు, మోటారు సైకిలు హెడ్లు కూడా చూసేవారు పనికి ముందు ఎంత, పని తరువాత ఎంత అని పోల్చుకోవచ్చు. నాలుగు సిలిండర్ల ట్రాక్టరు హెడ్డులో మూడు పోర్టులు ఒకలా, ఒకటి తక్కువ చూపిస్తే తప్పెక్కడో ఇంజను బిగించకముందే తెలుస్తుంది. ఇలాంటి షాపు పెట్టుకునే కుర్రవాళ్ళకే కొనాలా, చేసుకోవాలా అన్న ప్రశ్న.

కొన్న బెంచి లాభనష్టాలు

కొన్న బెంచి ఫ్యాక్టరీలో సరిచూసి వస్తుంది. చిన్న హెడ్డుకూ పెద్ద హెడ్డుకూ సరిపడా కొలత రంధ్రాలు వేరువేరుగా ఉంటాయి. ఇన్‌లెట్‌కు గాలి గుంజడం, ఎగ్జాస్టుకు ఊదడం రెండూ తేలిగ్గా మార్చుకోవచ్చు. సుడి కొలిచే పరికరం కూడా విడిగా దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ అంకెను ఇంకో ఊరి షాపు అంకెతో పోల్చవచ్చు.

నష్టం ఒకటే, ధర. లక్షల రూపాయల మాట. ఉదాహరణకు 4 లక్షలు పెట్టి, నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. వడ్డీయే ఏడాదికి 48 వేలు, నెలకు 4 వేలు. నెలకు 10 హెడ్లు వస్తే ఒక్కో హెడ్డు మీద 400 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు, కరెంటు, కూలి వేరు. ఆ 400 చివరికి ఎవరి నెత్తిన పడతాయి? హెడ్డు మోసుకొచ్చిన రైతు నెత్తిన. రైతు ఇవ్వలేకపోతే షాపు మూతపడుతుంది. నెలకు 50, 60 హెడ్లు వచ్చే జిల్లా కేంద్రం షాపు అయితే లెక్క వేరు. మండలంలో చిన్న షాపుకు చేతి చమురు వదలడం ఖాయం.

సొంతంగా చేసుకునే పద్ధతి

సామాను: మందపాటి ప్లైవుడ్, వాక్యూమ్ క్లీనరు ఒకటి లేదా రెండు, గేటు వాల్వు ఒకటి, తాపీమేస్త్రీ లెవెలు చూసే సన్న ప్లాస్టిక్ ట్యూబు, 3 మి.మీ. ఇనుప ప్లేటు, సందులు మూసే లప్పం. లేతు పని కొంచెం. ఇవి వేల రూపాయల్లో అయిపోతాయి.

ప్లైవుడ్‌తో రెండు అరల పెట్టె చేయాలి. పై అర మూతకు, ఇంజను బోరెంత లోపలి కొలత ఉన్న గొట్టం నిలబెట్టాలి. 80 మి.మీ. బోరుకు 80 మి.మీ. గొట్టం. దాని మీద హెడ్డు బోర్లించి బిగించాలి. పై అరకూ కింది అరకూ మధ్య ఇనుప ప్లేటు. ప్లేటులో 35 మి.మీ. గుండ్రని రంధ్రం, అంచు పదునుగా లేతు మీద తీయించాలి. రంధ్రం అంచు మొద్దుబారితే లెక్క మారిపోతుంది. హెడ్డులోంచి దూకిన గాలి నేరుగా ఆ రంధ్రం మీద పడకుండా మధ్యలో అడ్డుచెక్క పెట్టాలి. కింది అరకు వాక్యూమ్ క్లీనరు పైపు. ఆ అరకే గేటు వాల్వు కూడా. దాన్ని తెరిస్తే బయటిగాలి వచ్చి గుంజుడు తగ్గుతుంది, మూస్తే పెరుగుతుంది.

ఇక కొలతలు. ప్లాస్టిక్ ట్యూబును యూ ఆకారంలో మీటరు పొడవు చెక్క మీద బిగించి, సగం వరకు నీళ్ళు పోయాలి. కనబడడానికి రెండు చుక్కల సిరా కలపండి. ఇలాంటివి రెండు కావాలి. మొదటి ట్యూబు ఒక కొస పై అరలోకి, రెండో కొస బయటికి. హెడ్డు మీద ఎంత గుంజుడు పడుతోందో ఇది చెబుతుంది. రెండో ట్యూబు ఒక కొస పై అరలోకి, రెండో కొస కింది అరలోకి. ప్లేటు రంధ్రంలోంచి ఎంత గాలి పోతోందో ఇది చెబుతుంది. ఒకవైపు నీళ్ళు ఎంత లేచాయని కాదు, రెండువైపుల నీటిమట్టాల మధ్య తేడా ఎంతో స్కేలుతో చూడాలి. ఒకవైపే చూస్తే లెక్క సగమే వస్తుంది.

హెడ్డుకు గట్టి స్ప్రింగులు తీసి మెత్తని స్ప్రింగులు వేయండి. బోల్టుతో వాల్వును ఒక్కొక్క మి.మీ. తోస్తూ డయల్ గేజితో చూడండి. పోర్టు బయటి మూతి చుట్టూ పిల్లలు ఆడుకునే మైనపు ముద్ద పెట్టి అంచు గుండ్రంగా చేయండి. లేకపోతే మూతి దగ్గరే గాలి చిక్కుకుని తక్కువ చూపిస్తుంది. వాల్వును దాని వెడల్పులో నాలుగో వంతు తెరిస్తే దాదాపు పూర్తి దారి వచ్చినట్టే. 34 మి.మీ. వాల్వుకు అది ఎనిమిదిన్నర మి.మీ. ఆపైన తెరిచినా గాలి పెద్దగా పెరగదు.

లెక్క కట్టడం

ప్రతిసారీ గేటు వాల్వు తిప్పి మొదటి ట్యూబులో తేడాను 25 సెం.మీ. దగ్గర నిలపాలి. అప్పుడు రెండో ట్యూబు చూడాలి. 35 మి.మీ. రంధ్రానికి రెండో ట్యూబులో 25 సెం.మీ. తేడా వస్తే నిమిషానికి సుమారు 2,200 లీటర్ల గాలి పోతున్నట్టు. ఇక్కడ తికమక ఒకటి ఉంది. తేడా సగమైతే గాలి సగమవదు. తేడా నాలుగోవంతు అయితే గాలి సగమవుతుంది. అంటే ఆరుంపావు సెం.మీ. దగ్గర 1,100 లీటర్లు. వర్గమూలం లెక్క ఇది. హైస్కూలు పిల్లల చేత కూడా పట్టిక వేయించి గోడకు అంటించుకోవచ్చు.

415 లీటర్లు చాలే ఇంజనుకు ఇంత పెద్ద కొలత ఎందుకంటే, ఇంజను తన సమయంలో నాలుగో వంతే పీలుస్తుంది. మిగతా మూడు వంతులు నొక్కడం, కాలడం, వదలడం. ఆ నాలుగో వంతులో గాలి నిమిషానికి 1,600 లీటర్ల లెక్కన పరుగెత్తాలి.

బెంచి నిజం చెబుతోందా?

చేసుకున్న బెంచికి అసలు పరీక్ష ఇదే. రెండు పనులు చేయాలి.

మొదటిది, గొట్టం మూతిని రబ్బరు ప్యాకింగుతో, చెక్కతో పూర్తిగా మూసి మోటారు వేయండి. మొదటి ట్యూబులో తేడా 25 సెం.మీ.కి తేగానే రెండో ట్యూబులో నీళ్ళు సమంగా ఉండాలి. కదిలితే పై అరలో ఎక్కడో సందు ఉంది. అది మూసేదాకా ఏ అంకే నమ్మవద్దు.

రెండోది, 25 మి.మీ. పదునంచు రంధ్రం ఉన్న ఇనుప ప్లేటు ఒకటి చేయించి దాచుకోండి. పని మొదలుపెట్టే ప్రతిరోజూ హెడ్డుకు బదులు దాన్ని బిగించి చూడండి. మొదటి ట్యూబు 25 సెం.మీ. దగ్గర ఉంటే, రెండో ట్యూబు ఆరున్నర సెం.మీ. దగ్గర ఉండాలి. నిన్న ఎంతో నేడూ అంతే వస్తే బెంచి సరిగా ఉన్నట్టు. ఈ ప్లేటు మన తూకపు రాయి లాంటిది. త్రాసు ఎవరు చేశారన్నది కాదు, రాయి సరిగా ఉందా అన్నదే ముఖ్యం.

చేసుకున్న బెంచి అంకెను మాత్రం ఇంకో షాపు అంకెతో పోల్చి పందెం వేయవద్దు. గుంజుడు తేడా ఉంటే అంకెలు మారతాయి. పరదేశాల్లో చాలామంది 28 అంగుళాల, అంటే సుమారు 71 సెం.మీ. నీటి తేడా మీద కొలుస్తారు. అదే హెడ్డు అక్కడ ఎక్కువ గాలి చూపిస్తుంది. హెడ్డు మారలేదు, గుంజుడు మారింది. మీ బెంచి మీద పనికి ముందు, పని తరువాత అన్న పోలిక మాత్రం నమ్మదగినదే. హెడ్డు బాగుచేసేవారికి కావలసిందీ అదే.

పల్లెల్లో వోల్టేజీ నిలకడగా ఉండదు. మోటారు వేగం మారితే నీళ్ళు ఎగుడుదిగుడవుతాయి. రెండు ట్యూబులూ ఒకేసారి చూసి రాసుకుంటే, మధ్యలో గేటు వాల్వు సరిచేసుకుంటూ పోతే ఇబ్బంది ఉండదు.

జాగ్రత్త!

కిరోసిన్ పరీక్ష చేసిన హెడ్డును తడిగా బెంచి మీద పెట్టవద్దు. వాక్యూమ్ క్లీనరు మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుడతాయి. కిరోసిన్, పెట్రోలు ఆవిరి దానిలోకి పోతే మంట అంటుకుంటుంది. హెడ్డును గుడ్డతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి తరువాతే బిగించాలి. ఇనుప రజను, గ్రైండింగ్ పేస్టు కూడా పూర్తిగా కడిగేయాలి.

పొలం దగ్గర ఆఖరి పరీక్ష

బెంచి ఏది చెప్పినా తీర్పు పొలం గట్టు మీదే. హెడ్డు విప్పకముందు ఒకసారి, బిగించాక ఒకసారి ఈ పరీక్ష చేయండి. ట్యాంకు బదులు గీతలు పెట్టిన సీసాలోంచి ఇంజనుకు డీజిలు ఇచ్చి, ఒక లీటరుకు ఎన్ని నిమిషాలు నడిచిందో గడియారం చూడండి. అదే సమయంలో 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. కాల్వలో నీటిమట్టం, పైపు పొడవు, ఇంజను వేగం రెండుసార్లూ ఒకేలా ఉండాలి. లీటరు డీజిలుకు నీళ్ళు పెరిగితే పని కుదిరినట్టు. పెరగకపోతే మెకానిక్కుకు ఆ కాగితం చూపించి అడగండి. నోటిమాటకన్నా రాసుకున్న అంకెకు బలమెక్కువ.

చివరిగా లెక్క ఇది. ఒక్క ఇంజను రైతుకు ఏ బెంచీ అక్కర్లేదు. కిరోసిన్, స్కేలు, శుభ్రమైన ఎయిర్ క్లీనరు చాలు. మండలంలో హెడ్ల పని చేసే కుర్రవాళ్ళు సొంతంగా చేసుకున్న బెంచితో మొదలుపెట్టాలి. దాని మీద ఏడాది పని చేసి, పని పెరిగి, బయటివాళ్ళ అంకెలతో పోల్చవలసిన అవసరం నిజంగా వచ్చినప్పుడే కొన్న బెంచి మాట ఎత్తాలి. ఇంజన్ల పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవారు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ వివరాలు కనుక్కోవచ్చు. పనితనం ముందు, పనిముట్టు తరువాత.